పన్నెండు రోజులూ పుష్కరమేనని ముందే చెప్పండి

తెలుగు పంచాంగకర్తలకు, ఉగాది వేదికల మీద పంచాంగం చదివే సిద్ధాంతులకు బహిరంగ లేఖ

కాడుగోడి, బెంగళూరు
2026 జనవరి



ఈ లేఖ మీకు అందేసరికి పరాభవ నామ సంవత్సర పంచాంగాలు కొన్ని అచ్చులో ఉంటాయి, కొన్ని అంగళ్లకు చేరి ఉంటాయి. మార్చి 19, గురువారం ఉగాది. ఆ రోజు మీరు వేదిక ఎక్కి ఈ ఏడాది రాజు గురుడు, మంత్రి కుజుడు అని చదువుతారు. వానలు, ధరలు, పంటలు, పాలకుల యోగాలు, సినిమాలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, బంగారం, అన్నిటికీ గ్రహాల నడకతో ముడిపెట్టి చెబుతారు. లక్షల ఇళ్లలో జనం టీవీల ముందు కూర్చుని వింటారు. విని ఊరుకోరు, దాన్నిబట్టి ప్రయాణాలు కడతారు, పెళ్లిళ్లు ఆపుకుంటారు, నగలు కొంటారు. గ్రహాలు మనుషుల్ని కదిలిస్తాయా లేదా అన్న వాదన నేను ఇక్కడ పెట్టుకోను. మీ మాట కదిలిస్తుంది. అది నేను కళ్లారా చూస్తున్నది.

2027 జూన్ 26న గురుడు సింహరాశిలో ప్రవేశిస్తాడు, గోదావరికి పుష్కరాలు వస్తాయి. ఆ పుష్కరాల గురించి మీరు ఏం చెప్పబోతున్నారన్నదే నా ఆందోళన.

నేను పంచాంగానికి ఎదురు నిలబడ్డ మనిషిని కాను. మా ఇంట్లో గోడకు వెంకట్రామా వారి క్యాలెండరు, దేవుడి గూట్లో గంటల పంచాంగం, ఈ ఊళ్లో దొరికే ఒంటికొప్పల్ పంచాంగం మూడూ ఉంటాయి. నాన్నగారి తిథికి, పిల్లల అక్షరాభ్యాసానికి వాటినే తిరగేస్తాం. గ్రహణం ఏ నిమిషానికి పడుతుందో మీరు వేసిన లెక్క తప్పడం నేను చూడలేదు. అంత గణితం తెలిసినవాళ్లు కాబట్టే మీ ముందు ఈ మనవి పెట్టడానికి ధైర్యం వచ్చింది.

కాడుగోడి సంగతి కొంచెం చెప్పాలి. బెంగళూరు మెట్రో పర్పుల్ లైనుకు తూర్పు చివరి స్టేషను మాదే, 2023 మార్చిలో తెరిచారు. దాని పక్కనే వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషను. పుట్టపర్తి సత్యసాయిబాబా బృందావనం ఆశ్రమం ఉన్నదీ ఇక్కడే. ఈ ఊళ్లో తెలుగు రెండు కాలాలది. మాలూరు, హోసకోటె, కోలారు వైపు నుంచి తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో కన్నడం చదువుకున్నవాళ్లు ఒకరు. ఐటీపీఎల్ టెక్ పార్కు కట్టాక కోస్తా నుంచి, సీమ నుంచి, తెలంగాణ నుంచి కొలువులకు వచ్చిన మాలాంటివాళ్లు ఒకరు. మా అంతస్తులో ఎదురింటివాళ్లు వేలూరు తమిళులు, పక్కింటివాళ్లు కోలారు తెలుగువాళ్లు, మూలింటివాళ్లు మంగుళూరు క్రైస్తవులు. గ్రహచారం మనుషుల అలవాట్ల మీద ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇలాంటి అంతస్తు ఒకటి చాలు.

ఇప్పుడు శుభకార్యాలు ఆపుకునే శుక్ర మూఢం నడుస్తోంది. నవంబరు 26న మొదలైంది, ఫిబ్రవరి 17 దాకా ఉంది. మా వీధి చివర కుప్పం నుంచి వచ్చిన వంట మాస్టారు ఒకాయన ఉన్నారు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు పదిమందిని వెంటేసుకుని వెళ్లి వండి పెడతారు. డిసెంబరులో కూరగాయల బండి దగ్గర కలిసినప్పుడు చంకలోని ఆర్డర్ల పుస్తకం తీసి చూపించారు. కార్తీకం పేజీల్లో చోటు లేదు. ఒక్క ఆదివారానికి మూడు పేర్లు రాసి రెండు కొట్టేశారు, మనుషుల్ని సర్దలేక వదులుకున్నవి. నవంబరు 26 దగ్గర స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత. దాని కింద ఒక సీమంతం, రెండు పుట్టినరోజులు, ఒక అయ్యప్ప పడిపూజ. ఆయన దగ్గర పనిచేసేవాళ్లలో కొందరు ఊరికి వెళ్లిపోయారు, ఇద్దరు మారతహళ్లి వైపు ఏదో పీజీలో వంటకు కుదిరారు. "ఈసారి మాఘం మొత్తం పోయింది సార్" అన్నారు. నిజమే, మాఘమాసం మొదటి రోజు నుంచి అమావాస్య దాకా మూఢంలోనే ఉంది. తర్వాత మే 17 నుంచి అధిక జ్యేష్ఠం, మళ్లీ నెల రోజులు ఖాళీ.

ఆ 83 రోజుల మూఢం వెనక ఉన్న లెక్క మీకు తెలుసు, చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. జనవరి 6న శుక్రుడు సూర్యుడికి అవతలి వైపున, దాదాపు సూర్యుడి వెనకాలే ఉన్నాడు. ఆ వైపు ఉన్నప్పుడు శుక్రుడు సూర్యుణ్ణి దాటిపోయే వేగం రోజుకు పావు డిగ్రీ మాత్రమే. శుక్రుడు సూర్యకాంతిలో పడి కంటికి కనిపించకుండా పోయే దూరాన్ని సూర్యసిద్ధాంతం 10 డిగ్రీలుగా చెప్పింది. పావు డిగ్రీ చొప్పున 10 డిగ్రీలు దాటాలంటే 40 రోజులు. అటు 40, ఇటు 40. అదే శుక్రుడు వక్రించి సూర్యుడికీ మనకూ మధ్యకు వచ్చినప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నడుస్తారు కాబట్టి ఆ మూఢం వారం పది రోజుల్లో తీరిపోతుంది. దుర్భిణులు లేని రోజుల్లో పొద్దుటా సాయంత్రం దిగంతం వైపు చూస్తూ మన పెద్దలు పెట్టిన హద్దు ఇప్పటికీ లెక్కకు నిలుస్తోంది. నాకు దాని మీద గౌరవం ఉంది.

కానీ ఇదే శుక్రుడు మా ఎదురింటి మీద కూడా ఉన్నాడు. తమిళులకు మార్గళి నెల పెళ్లిళ్లకు పనికిరాదు, తై నెల రాగానే మొదలుపెడతారు, మూఢం పట్టింపు వాళ్లకు మనంత లేదు. మూలింటి క్రైస్తవులకు లెంటు వంటి కొన్ని రోజులు తప్ప ఏ రోజైనా పెళ్లి రోజే. ఆకాశం అందరికీ ఒకటే అయినప్పుడు ఇళ్లల్లో పెళ్లి కాలాలు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయి? గ్రహం నడక ఆకాశంలో జరుగుతుంది, దాని వెంట ఎవరు నడవాలో, ఎవరు ఆగాలో తీర్మానించింది ఆయా సమాజాలు. మన సమాజంలో ఆ తీర్మానం అచ్చులో కనిపించేది మీ పంచాంగంలో.

2024 వేసవి గుర్తు చేసుకోండి. మే 18న గురుడు, జూన్ 4న శుక్రుడు సూర్యుడితో కలిశారు. జంట మూఢాలు. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూలై మొదటి వారం దాకా ముహూర్తాల్లేవు, ఆ వెంటనే ఆషాఢం. పిల్లలకు సెలవులుండే వేసవి పెళ్లిళ్ల కాలం మొత్తం పోయి శ్రావణం మీద పడింది. కల్యాణ మంటపాల అద్దెలు, మేళగాళ్ల అడ్వాన్సులు, పూల ధరలు అన్నీ ఆ నాలుగు వారాల్లోకి వచ్చి కూర్చున్నాయి. గ్రహగతి జనజీవితాన్ని మార్చడం అంటే నాకు తెలిసి ఇదే. ఇది కనిపించే మార్పు, కొలవగల మార్పు. అక్షయ తృతీయ నాడు రవి మేషంలో, చంద్రుడు వృషభంలో ఉచ్చలో ఉంటారు. ఆ రోజు మా ఊరి నగల అంగళ్ల ముందు వరస రోడ్డు మీదికి వస్తుంది. మా అమ్మమ్మ ఆ తిథికి విసనకర్రలు, మామిడిపండ్లు, నీళ్లకుండ దానం ఇచ్చేదే తప్ప బంగారం కొనడం నేను చూడలేదు. గ్రహస్థితి మారలేదు, ఆచారం మారింది. దాన్ని మార్చింది నగల వ్యాపారుల ప్రకటనలు.

ఆకాశానికీ దేశానికీ ముడిపెట్టే విద్యకు మనవాళ్లు సంహిత అని పేరు పెట్టారు. గణితం, హోర, సంహిత అని వరాహమిహిరుడు మూడు స్కంధాలు చెప్పాడు, ఆరో శతాబ్దంలోనే. బృహత్సంహితలో కూర్మవిభాగం అని ఒక అధ్యాయం ఉంది. 27 నక్షత్రాలను మూడేసి చొప్పున తొమ్మిది భాగాలు చేసి భరతఖండం మీద పరిచాడు. అందులో ఆంధ్ర దేశం కళింగ, విదర్భలతో కలిసి ఆగ్నేయంలో పడింది, ఆశ్లేష, మఖ, పుబ్బ నక్షత్రాల కింద. ఆ నక్షత్రాలు పీడపడితే ఆంధ్రులకు కష్టమని అర్థం. ఇలాంటి పని మనవాళ్లే చేయలేదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అబూ మాషర్ గురు శనుల కలయికలతో మతాలు, రాజవంశాలు ఎప్పుడు లేచి ఎప్పుడు పడతాయో లెక్కలు కట్టాడు. 2006లో అమెరికాలో రిచర్డ్ టార్నస్ రాసిన పెద్ద పుస్తకం 1960ల యువతరం తిరుగుబాట్లను, సంగీతాన్ని, విప్లవాలను యురేనస్, ప్లూటోల కలయికతో కలిపింది. ఆ కలయిక ప్రభావం 1960 నుంచి 1972 దాకా ఉందన్నారు. పన్నెండేళ్ల గడువు తీసుకుంటే ఏ కాలంలోనైనా విప్లవం ఒకటి దొరుకుతుంది. మనుషులు తమ కాలానికి పైనుంచి ఒక అర్థం కోరుకుంటారు, అన్ని దేశాల్లోనూ. ఆ కోరికను నేను తప్పుపట్టను.

నా అభ్యంతరం దగ్గరకు వస్తున్నాను. గణితాన్నీ ఫలితాన్నీ మీరు ఒకే గొంతుతో, ఒకే నిశ్చయంతో చదువుతారు. వినేవాళ్లకు రెంటికీ తేడా తెలియదు. గురుడు ఫలానా రోజు రాశి మారతాడన్నది ఎవరైనా సరిచూడగల లెక్క. దానివల్ల ఫలానా రంగం కుదేలవుతుందన్నది అలాంటిది కాదు. నవనాయకుల సంగతే చూడండి. ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతి రాజు. 2024లో మంగళవారం వచ్చింది, కుజుడు రాజయ్యాడు. 2025లో ఆదివారం, రవి రాజు. ఇప్పుడు గురువారం, గురుడు రాజు. మేష సంక్రమణం ఏ వారమైతే ఆ వారాధిపతి మంత్రి. ఇది వారాల వరసే గాని, ఆ గ్రహం ఆకాశంలో ఎక్కడుందన్నది ఇందులో లేనే లేదు. వేదిక మీద మాత్రం "కుజుడు రాజు కాబట్టి యుద్ధభయం" అని వినిపించగానే, కుజుడు పైన ఏదో చేస్తున్నాడనే జనం అనుకుంటారు.

సంవత్సరాల పేర్లదీ అదే కథ. ప్రభవ మొదలు అక్షయ దాకా 60 పేర్లు గురుడి నడక నుంచి పుట్టినవి. గురుడు ఒక రాశిని దాటే కాలం సౌర సంవత్సరం కంటే కొన్ని రోజులు తక్కువ, అందుకని 85 సౌర సంవత్సరాలకు గురుడి సంవత్సరాలు 86 అవుతాయి. ఉత్తరాదివాళ్లు ఆ తేడా సర్దడానికి మధ్యలో ఒక పేరు వదిలేస్తారు. దక్షిణాదిలో మనం దాదాపు వెయ్యేళ్ల కిందటే ఆ సర్దుబాటు మానేశాం. అందుకే వాళ్ల సంవత్సరం పేరు ఒకటి, మన పేరు ఇంకొకటి. మన ఏడాది పేరుకు గురుడితో ఉన్న బంధం తెగి అంతకాలమైంది. అయినా పరాభవ అన్న పేరు చూపించి ఈ మార్చిలో టీవీల్లో ఎవరో ఒకరు దేశానికి అవమానాలు తప్పవని భయపెడతారు. అది గ్రహాల నుంచి రాలేదని చెప్పగలిగినవాళ్లు మీరే. దయచేసి చెప్పండి.

2020 మార్చి 25 మీరూ మర్చిపోలేదు. శార్వరి ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. మా అపార్టుమెంటులో వేపపువ్వు కోసం గేటు దాటనివ్వలేదు. కోలారు వాళ్ల కుండీలోని చిన్న మొక్క నుంచి తుంచుకున్న నాలుగు రెమ్మలతో మూడిళ్లు పచ్చడి చేసుకున్నాం. అంతకు ముందటి ఉగాదికి అచ్చయిన వికారి పంచాంగంలో, ఏడాది ఆఖరికి లోకంలో అన్ని విమానాలూ రైళ్లూ ఆగిపోతాయని, గుళ్ల తలుపులు మూస్తారని నేను చదవలేదు. అది వచ్చాక మాత్రం శార్వరి అంటే చీకటి రాత్రి అని, పేరులోనే ఉందని విన్నాం.

1962లోనూ అంతే. ఫిబ్రవరి 3, 4, 5 తేదీల్లో రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శని, కేతువులు మకరరాశిలో చేరారు. అష్టగ్రహ కూటమి. ప్రళయమన్నారు. దేశమంతటా యాగాలు, జపాలు జరిగాయి, ప్రయాణాలు మానుకున్నారు, ప్రధాని నెహ్రూ కొట్టిపారేసినా భయం ఆగలేదు. ఆ మూడు రోజులు మామూలుగా గడిచిపోయాయి. అక్టోబరులో చైనా యుద్ధం వచ్చాక, కూటమి ఫలం ఇదేనన్నవాళ్లు ఉన్నారు. మొన్న 2025 మార్చి 29న మీనరాశిలో ఆరు గ్రహాలు కలిసినప్పుడు, అదే రోజు శని మీనంలోకి మారినప్పుడు, మా ఆఫీసు బస్సులో పిల్లలు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఏ రాశివాళ్ల ఉద్యోగాలు పోతాయో చెప్పే వీడియోలు. పాతికేళ్ల పిల్లలు. కంపెనీ లెక్కలు, అమెరికా వడ్డీ రేట్లు, కొత్త యంత్రాలు వాళ్ల పనిని ఎలా మారుస్తున్నాయో చదువుకోవలసిన సమయంలో శాంతిపూజల ధరలు చూస్తున్నారు. నాకు బాధ వేసింది.

ఒక పని చేయగలరా? ఉగాది వేదిక మీద కొత్త ఫలితాలు చదవడానికి ముందు, నిరుటి పంచాంగంలో మీరు రాసిన ఫలితాలు చదవండి. ఏది జరిగింది, ఏది జరగలేదు, వానలెన్ని కుంచాలన్నారు, ఎంత కురిసింది, ఏ పంటకు ధర పెరుగుతుందన్నారు, ఏమైంది. పది నిమిషాలు చాలు. మా బెంగళూరులో దీనికి ఒక ఆధారం ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన బెంగళూరు సూర్యనారాయణరావు 1895లో ది ఆస్ట్రలాజికల్ మ్యాగజైన్ మొదలుపెట్టారు. ఆయన మనవడు బి.వి. రామన్ దాన్ని 1936లో మళ్లీ నిలబెట్టి 1998లో చనిపోయేదాకా నడిపారు. దేశాల గ్రహచారం నెలనెలా తేదీలతో అచ్చువేశారు. ఆ జోస్యాలతో నేను ఏకీభవిస్తానా లేదా అన్నది పక్కన పెట్టండి. పాత సంచిక తీసి తప్పొప్పులు చూసుకునే వీలు ఎవరికైనా ఉంది. టీవీలో చెప్పి మర్నాటికి మర్చిపోయే మాటకు ఆ వీలు లేదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం పూణెలో ఒక పరీక్ష పెట్టింది. చురుకైన పిల్లలవి 100, మానసిక వైకల్యమున్న పిల్లలవి 100 జాతకాలు సేకరించి, ఏది ఎవరిదో చెప్పమని జ్యోతిష్కులకు తలా 40 ఇచ్చారు. 27 మంది జవాబులు పంపారు. సరిపోయినవి 46 శాతం. నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి. అది వ్యక్తుల జాతకాల పరీక్ష, దేశాల గ్రహచారానికి అలాంటిది పెట్టడం కష్టం. కాబట్టే మీరే మీకు పెట్టుకోవాలి.

ఉగాది రోజు ఒక పార్టీ ఆఫీసులో ఒక నాయకుడికి రాజయోగం, వీధి అవతల ఇంకో పార్టీ ఆఫీసులో ఇంకో నాయకుడికి రాజయోగం వినబడుతుంది. రెంటికీ ఆధారం ఒకే ఆకాశం. దీని గురించి ఎక్కువ రాయను. శాస్త్రం తెలిసిన పెద్దలు మీలో చాలామంది ఇందుకు లోపల నొచ్చుకుంటున్నారని నాకు తెలుసు.

ఇక పుష్కరాలు.

గురుడి నడకకు తెలుగువాళ్లంత పెద్ద ఎత్తున సమాధానం చెప్పే జాతి ఇంకోటి ఉందనుకోను. సింహంలోకి వస్తే గోదావరి, కన్యలోకి వస్తే కృష్ణ, మకరంలోకి వస్తే తుంగభద్ర. 2025 మేలో మిథునంలోకి రాగానే కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలకు ఊరు ఊరంతా కొత్త ఘాట్లు, రోడ్లు. పుష్కరాల పేరుతోనే ఊళ్లలో మురుగు కాలవలు బాగుపడతాయి, స్టేషన్లకు రంగులు పడతాయి, విడిపోయిన అన్నదమ్ములు ఒకే రేవులో తండ్రికి పిండం పెడతారు. ఒక గ్రహం పన్నెండేళ్లకోసారి మనల్ని మన నదుల దగ్గరకు పంపిస్తుందంటే అంతకంటే మంచి ఆచారం ఏముంటుంది? గోదావరి పుష్కరాలు 2003లో జూలై 30న, 2015లో జూలై 14న మొదలయ్యాయి, 2027లో జూన్ 26. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 11.86 ఏళ్లే పడుతుంది కాబట్టి తేదీ ఇలా వెనక్కి జరుగుతోంది. ఈసారి ఇంకో విశేషం కూడా ఉంది. గురుడు 2026 అక్టోబరు చివరలోనే సింహంలో అడుగుపెట్టి, వక్రించి కర్కాటకంలోకి వెనక్కి వెళ్లి, మళ్లీ జూన్‌లో వస్తాడు. రెండు ప్రవేశాల్లో ఏది పుష్కరమో ఆకాశం చెప్పదు, మీరే కూర్చుని తేలుస్తారు. అంటే ఇక్కడ మీ నిర్ణయానికి అంత బలం ఉంది.

2015 జూలై 14 ఉదయం రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. మాది కోనసీమ. ఆ రోజు మా అమ్మ బంధువులతో కొవ్వూరు గోష్పాద రేవులో ఉంది. అవతలి ఒడ్డున ఏం జరిగిందో వాళ్లకు మధ్యాహ్నం దాకా తెలియలేదు. ఇక్కడ కాడుగోడిలో మేము టీవీ ముందు నిలబడి మా వాళ్ల ఫోన్లు కలవక అల్లాడిపోయాం. బందోబస్తు చాలలేదని, ఇరుకు గేటని, ప్రముఖుల స్నానాల కోసం జనాన్ని ఆపారని ఎంతో చర్చ జరిగింది. జస్టిస్ సి.వై. సోమయాజులు కమిషన్ నివేదిక అధికారుల బాధ్యతను తక్కువ చేసిందని విమర్శలొచ్చాయి, ఆ విమర్శలు నాకూ సబబుగానే అనిపిస్తాయి. కానీ ఆ నివేదిక ఒక సంగతి ఎత్తిచూపింది: ఫలానా ముహూర్తానికే మునగాలన్న నమ్మకం, దానికి జరిగిన అతి ప్రచారం. అది మాత్రం మీ ఇంటి గడప దగ్గరకు వచ్చే మాట.

ఎన్నో ఘాట్లు, పన్నెండు రోజులు, రెండు ఒడ్లు ఉండగా అంతమంది ఒక్క రేవుకు, ఒక్క ఉదయానికి ఎందుకు చేరారు? గురుడు రాశి మారిన క్షణానికి మునిగితే ఎక్కువ పుణ్యమని విన్నారు. ఇది 144 ఏళ్లకు వచ్చే మహాపుష్కరమని విన్నారు. ఆ 144 ఎక్కడిది? పన్నెండును పన్నెండుతో హెచ్చవేస్తే వచ్చింది. గురుడి పన్నెండు చుట్లకు పట్టేది 142 ఏళ్ల చిల్లర, 144 కాదు. మళ్లీ 2025 ప్రయాగ కుంభమేళాకు అదే 144 ప్రచారం చేశారు. జనవరి 29న మౌని అమావాస్య తెల్లవారుజామున అక్కడి తొక్కిసలాటలో ప్రభుత్వ లెక్క ప్రకారమే 30 మంది పోయారు. రెండు నదులు, ఒకటే అంకె. ఆ అంకె లెక్కకు నిలవదని చెప్పడానికి మీకంటే అర్హులెవరున్నారు?

సంప్రదాయం ఏం చెబుతోందో మీరే మాకు నేర్పారు. మూడున్నర కోట్ల తీర్థాలతో పుష్కరుడు నదిలో ఆదిన పన్నెండు రోజులు, అంత్యాన పన్నెండు రోజులు ఉంటాడు. మధ్యలో ఏడాది పొడుగునా రోజూ మధ్యాహ్నం రెండు ముహూర్తాల సేపు ఉంటాడు. అన్నశ్రాద్ధానికి తొమ్మిదో రోజు చెప్పారు, ఒక్కో రోజుకు ఒక్కో దానం చెప్పారు. మొదటి ఉదయం దాటితే పుణ్యం తరిగిపోతుందనుకుంటే ఇన్ని రోజులు, ఇన్ని విధులు ఎందుకు పెడతారు? ఈ ఏర్పాటంతా జనాన్ని పంచి పంపడానికి వీలైన ఏర్పాటు. నాసిక్ త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా నది ఎంత పొడుగుందో పుష్కరుడూ అంత పొడుగున్నాడు. కోటిలింగాల రేవులో ఉన్నవాడే ధర్మపురిలో, బాసరలో, భద్రాచలంలో, మా పల్లె ఏటిగట్టు దగ్గరా ఉన్నాడు.

మా అమ్మకు ఇప్పుడు 78 ఏళ్లు. మోకాళ్లు వంగవు. మొన్న సంక్రాంతికి మాటల్లో "ఈసారి మొదటి రోజే రాజమండ్రిలో మునగాలి, ఇక మళ్లీ పుష్కరాలు చూస్తానో లేదో" అంది. ఎందుకమ్మా మొదటి రోజే అంటే, టీవీలో సిద్ధాంతిగారు చెప్పారు అంది. నేను చెబితే వినదు. జిల్లా కలెక్టరు చెప్పినా వినదు. మీరు చెబితే వింటుంది.

కాబట్టి పరాభవ ఉగాది వేదిక మీదే ఈ మాట మొదలుపెట్టమని అడుగుతున్నాను. తెలంగాణ విద్వత్సభ వంటివి పండుగల తేదీలు కలిసి తేలుస్తున్నాయి. అలాగే రెండు రాష్ట్రాల సిద్ధాంతులు కూర్చుని పుష్కర విధి మీద ఒక్క మాట రాయండి. పన్నెండు రోజుల్లో ఏ రోజైనా, ఏ వేళైనా, ఏ రేవైనా ఫలం ఒకటేనని. ముసలివాళ్లు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు ఇంటికి తెచ్చిన నీళ్లు తల మీద చల్లుకున్నా చాలునని. అంత్య పుష్కరాలూ పుష్కరాలేనని. ప్రవేశ సమయం గంటలు నిమిషాలతో పంచాంగంలో వేయండి, అది గణితం. దాని పక్కనే, అది స్నానానికి గడువు కాదని అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. టీవీ వాళ్లు తొలి స్నానం గురించి అడిగితే ఈ మాటే చెప్పండి. వాళ్లకు నచ్చదు. అయినా చెప్పండి.

ప్లవంగ పంచాంగం అచ్చుకు వెళ్లేలోగా అది తయారవ్వాలి. ప్లవంగ ఉగాది 2027 ఏప్రిల్ 7న. రైల్వే వాళ్లు ఇప్పుడు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, అంటే జూన్ 26 ప్రయాణానికి ఏప్రిల్ 27న. కాకినాడ వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ మా వైట్‌ఫీల్డ్ స్టేషను మీదుగానే పోతుంది. ఇక్కడి వేలమంది తెలుగువాళ్లు ఏ రోజుకు టికెట్ తీసుకోవాలో నిర్ణయించుకునేది ఆ 20 రోజుల్లోనే.

నమస్కారాలతో,
కాడుగోడి నుంచి ఒక కోనసీమ మనిషి